షాలిమార్ సీసా మీద ఏ అంకె చదవాలి?

ముంతాజ్ మహల్ 1631లో బుర్హాన్‌పూర్‌లో కన్నుమూసింది. లాహోర్‌లో షాజహాన్ షాలిమార్ తోట పనులు మొదలుపెట్టించింది 1641లో. షాజహాన్, ముంతాజ్‌ల ప్రేమకూ ఆ పేరుగల తోటలకూ ముడిపెట్టి పారిస్ పరిమళాల సంస్థ గెర్లాన్ వందేళ్లుగా తన ‘షాలిమార్’ను అమ్ముకుంటోంది. ఆ తోట లాహోర్‌ది అనుకుంటే, ముంతాజ్ పోయిన పదేళ్లకు గానీ పని మొదలుకాలేదు కాబట్టి లెక్క తప్పుతుంది. జహంగీర్ 1619లో శ్రీనగర్‌లో వేయించిన తోట అనుకుంటే ఎలాగోలా కుదురుతుంది. కథ అందంగానే ఉంది, కాదనను. కానీ వేలకు వేలు పోసి సెంటు కొనేవాళ్లకు కథకన్నా పెట్టె మీది అంకెలే ఎక్కువ అక్కరకొస్తాయి. వాటిలోనూ దారి చూపేవి కొన్ని, దారి తప్పించేవి కొన్ని.

గెర్లాన్ సంస్థ 1828లో పుట్టింది. నాలుగు తరాలు ఆ ఇంటివాళ్లే సెంట్లు తయారు చేశారు. 1994లో సంస్థ విలాస వస్తువుల కంపెనీ ఎల్‌వీఎంహెచ్ చేతికి వెళ్లింది. మూడో తరం జాక్ గెర్లాన్ రూపొందించిన షాలిమార్ 1925లో పారిస్‌లో జరిగిన అలంకరణ కళల ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. ‘ఇంత ఖరీదు కదా, అంతా అసలు పువ్వులేనా?’ అని కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతారు. షాలిమార్‌కు పేరు తెచ్చినదాంట్లో పెద్ద వాటా ఇథైల్ వెనిలిన్ అనే ప్రయోగశాల సరుకుది. వెనీలా కాయలో సహజంగా ఉండే వెనిలిన్‌కన్నా దాని ఘాటు కొన్ని రెట్లు ఎక్కువ. ఇదే సంస్థ 1889లో తెచ్చిన ‘జిక్కీ’లోనూ ల్యాబులో చేసిన వెనిలిన్, కూమరిన్ ఉన్నాయి. కృత్రిమం అనగానే చవక అనుకోనక్కర్లేదు, సహజం అనగానే మేలైనదీ అనుకోనక్కర్లేదు. బెర్గమాట్ నూనె, ఐరిస్ వేరు, టోంకా గింజ లాంటి సహజ సరుకుల పక్కన కృత్రిమ సరుకును ఎంత పాళ్లలో నిలబెట్టారన్నదే పనితనం.

ఇక పెట్టె చేతిలోకి తీసుకుందాం. కొన్నిటి మీద 80% వాల్యూమ్ అనో, 90% అనో ఉంటుంది. అది సెంటు గాఢత అనుకుని మురిసిపోయేవాళ్లున్నారు. అది ఆల్కహాల్ శాతం. పరిమళ నూనెల శాతం సాధారణంగా అంకెలో రాయరు, పేరును బట్టి మనమే పట్టుకోవాలి. కొలోన్ అంటే సుమారు 2 నుంచి 5 శాతం, ఓ డి టాయిలెట్ (ఈడీటీ) 5 నుంచి 15, ఓ డి పర్ఫ్యూమ్ (ఈడీపీ) 15 నుంచి 20, ఎక్స్‌ట్రే అయితే 20 నుంచి 30, ఒక్కోసారి ఆపైన. ఇవి వాడుకలో స్థిరపడ్డ హద్దులే తప్ప చట్టం గీసిన గీతలు కావు. ఒక సంస్థ ఈడీటీ ఇంకో సంస్థ ఈడీపీకన్నా గట్టిగా ఉండొచ్చు.

ఆ శాతాలతో చిన్న లెక్క. 15 శాతం ఈడీపీ 50 మిల్లీలీటర్లలో పరిమళ సరుకు ఏడున్నర మిల్లీలీటర్లు. 8 శాతం ఈడీటీ 100 మిల్లీలీటర్లలో 8. సీసా రెట్టింపైనా లోపలి అసలు సరుకు ఇంచుమించు అంతే. అలాగని ఈడీటీని ఈడీపీలో స్పిరిట్ పోసి పలచన చేసిందిగా చూడకూడదు. అదేమీ ఒకే డికాక్షన్‌ను స్ట్రాంగుగా ఒక గ్లాసులో, లైటుగా ఇంకో గ్లాసులో కలిపివ్వడం కాదు. పెద్ద సంస్థలు ఒక్కో గాఢతకు పాళ్లు మారుస్తాయి. ఒకదాంట్లో నిమ్మజాతి వాసన ముందుకొస్తే ఇంకోదాంట్లో వెనీలా, తోలు వాసనలు కమ్ముకుంటాయి. స్నేహితురాలి ఈడీపీ నచ్చి, ధర తక్కువని ఈడీటీ కొన్నవాళ్లు ‘ఇది అదేనా?’ అని ముఖం చిట్లించేది ఇందుకే.

పేరు విషయంలో ఇంకో తిరకాసుంది. షాలిమార్ పేరు మీద గెర్లాన్ చాలా వెర్షన్లు తెచ్చింది. 2011లో ‘పర్ఫ్యూమ్ ఇనిషియల్’ వచ్చింది, 2014లో ‘సూఫ్ల్ డి పర్ఫ్యూమ్’ వచ్చింది. ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరు. బిల్లు వేయించే ముందు పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న రెండో వరస చదవండి. బయటి దేశంలో ఉన్న అబ్బాయితోనో చెల్లెలితోనో తెప్పించుకునేటప్పుడైతే పేరు మొత్తం రాసి పంపాల్సిందే.

ఏ సైజు కొనాలి? దుకాణంవాళ్లు మిల్లీలీటరుకు ఎంత పడుతుందో చెబుతారు. లెక్క కోసం 30 మిల్లీలీటర్లు 6 వేలు, 100 మిల్లీలీటర్లు 12 వేలు అనుకుందాం. మొదటిది మిల్లీలీటరుకు 200, రెండోది 120. పెద్దదే లాభమనిపిస్తుంది. కానీ ఒక్క స్ప్రేకు ఖర్చయ్యేది సుమారు 0.1 మిల్లీలీటరు. అంటే చిన్న సీసాలో 300 స్ప్రేలు, పెద్దదాంట్లో వెయ్యి. పెళ్లిళ్లకూ పేరంటాలకూ నెలకు రెండుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు స్ప్రేలు కొట్టుకునే మనిషికి చిన్న సీసాయే మూడేళ్లు దాటి వస్తుంది. పెద్దది పదేళ్లు. కొన్ని పెట్టెల మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో ‘36 ఎం’ అని ఉంటుంది. తెరిచాక 36 నెలలు బాగుంటుందని దాని అర్థం. ఆ తర్వాత ఒక్కరోజులో పాడైపోతుందని కాదు గానీ, మొదట కొట్టే బెర్గమాట్ లాంటి నిమ్మజాతి వాసనలే ముందు చెడతాయి. రోజూ ఆఫీసుకు కొట్టుకుని వెళ్లేవాళ్లకు తప్ప 100 మిల్లీలీటర్ల సీసా నా దృష్టిలో దండగ. విమానంలో చేతి బ్యాగులో ఒక సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదన్న నిబంధన పెద్ద సీసాను మామూలు సైజులా చేసేసిందని నా అనుమానం.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకె పెట్టె మీద ఉండదు. అది గడియారం మీద ఉంటుంది. షాలిమార్ కొట్టుకున్న తొలి పావుగంట బెర్గమాట్‌దే రాజ్యం. తర్వాత గులాబీ, మల్లెజాతి పూలు, ఐరిస్ ఓ గంటా రెండు గంటలు నడుస్తాయి. వెనీలా, టోంకా, తోలు, పొగ కలిసిన ఆ తీపి మూడో గంట నుంచి పట్టుకుని రాత్రిదాకా వదలదు. కౌంటర్ ముందు ఐదు నిమిషాలు నిలబడి ‘బాగుంది, ప్యాక్ చేయండి’ అన్నవాళ్లు ఎంచుకున్నది పావుగంటలో పోయే వాసనను. కాగితం పట్టీ మీద ఎన్నైనా చూడండి, ఒంటి మీద మాత్రం రెండు చాలు, ఒక్కో మణికట్టుకు ఒకటి. డబ్బు కట్టకుండా బయటికొచ్చి నాలుగు గంటలు తిరగండి. మణికట్లు ఒకదానికొకటి రుద్దొద్దు. మధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు కుదురుకుంటుందంటారు గానీ, ప్రయోగం చేసి చూస్తే మామూలు గాలిని మించి అవి చేసిందేమీ కనిపించలేదు.

ఎండను కూడా లెక్కలో వేసుకోవాలి. పారిస్ చలికి కమ్మగా తోచే షాలిమార్ మే నెల విజయవాడ ఉక్కలో మెడకు చుట్టుకుంటుంది. డిసెంబరు పెళ్లికో, ఏసీ ఫంక్షన్ హాలుకో రెండు స్ప్రేలు సరిపోతాయి. వేసవికి ఇదే సంస్థ 1853లో ఫ్రాన్స్ మహారాణి యూజెనీ కోసం చేసిన ‘ఓ డి కొలోన్ ఇంపీరియల్’ నయం. 69 తేనెటీగల బొమ్మలు ఉబ్బెత్తుగా ఉండే సీసాను మొదట చేసింది దీనికోసమే. నిమ్మ, నారింజ వాసనలు కాబట్టి గంటా రెండు గంటల్లో ఎగిరిపోతుంది. ‘లాస్టింగ్ లేదు’ అని దాన్ని తిట్టుకోవడం అన్యాయం. కొలోన్ పని అంతవరకే.

అమ్మ కాలం నాటి సీసాకూ ఇవాళ్టిదానికీ వాసన తేడాగా ఉందంటే అది నకిలీయే కానక్కర్లేదు. బెర్గమాట్ నూనెలోని బెర్గాప్టెన్ ఎండ తగిలితే చర్మం మీద మచ్చలు తెస్తుంది. అందుకే ఇప్పుడు దాన్ని తీసేసిన నూనె వాడతారు. అలర్జీ తెచ్చే 26 సరుకుల పేర్లు, మోతాదు దాటితే పెట్టె మీద విడిగా రాయాలని యూరప్ 2005 నుంచి అమలు చేసింది. 2023లో ఆ జాబితా 80 దాటింది. నిబంధన మారినప్పుడల్లా పాళ్లూ మారతాయి. చర్మం సున్నితమైనవాళ్లు ఈ జాబితా చదవడానికి భూతద్దం తెచ్చుకున్నా తప్పులేదు.

పాత సెంట్లను భద్రపరచడానికి 1990లో వెర్సైల్లో ఓస్మోతెక్ అనే సంస్థ పెట్టారు. అక్కడ వాటిని వెలుతురు తగలకుండా, 12 డిగ్రీల చల్లదనంలో, సీసాలోని గాలిని తోసేసి ఆర్గాన్ వాయువు నింపి ఉంచుతారు. మన ఇళ్లలో ఆర్గాన్ ఎక్కడిది? దాని అవసరమూ లేదు. బాత్రూం అలమరలోంచి, కిటికీ పక్కన అద్దం ముందునుంచి సీసాను తీసి, వచ్చిన పెట్టెలోనే పెట్టి బీరువా కింది అరలో ఉంచితే చాలు. ఏప్రిల్, మే నెలల్లో కారు డ్యాష్‌బోర్డులో మాత్రం పెట్టకండి.