పల్లెపాట, నల్లగొంతు

అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లవారును తెల్లవారును ఒకే రైలునందు వేర్వేరు పెట్టెలలో కూర్చుండవలసిన దినములలో, రేడియోద్వారా గాలిలో వచ్చెడి పాటకు మాత్రము అట్టి అడ్డుగోడ యేదియు లేకుండెను. శనివారపు రాత్రులందు నాష్‌విల్ నగరమునుండి ప్రసారమగు 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' కార్యక్రమమును ఉభయజాతులవారును వినుచుండిరి. ఆ వేదికకు తొలినాళ్లలో పేరు దెచ్చినవారిలో నొకడైన హార్మోనికా విద్వాంసుడు డిఫోర్డ్ బెయిలీ స్వయముగా నల్లవాడే. పల్లెపాటకు ప్రాణమైన బాంజోకు మూలము ఆఫ్రికానుండి బానిసలుగా కొనిరాబడిన వారి వాద్యములే గదా!

వ్యాపారులు మాత్రము 1920వ దశకమునుండియు నల్లవారి పాటలను 'రేస్ రికార్డు'లనియు, తెల్ల పల్లీయుల పాటలను 'హిల్‌బిల్లీ' అనియు వేరుపరచి అమ్ముచుండిరి. 1949లో బిల్‌బోర్డు అను సంగీత వ్యాపార పత్రిక తన పట్టికలకు రిథమ్ అండ్ బ్లూస్ అనియు, కంట్రీ అండ్ వెస్టర్న్ అనియు మర్యాదగల నామములనిడెను గాని, గోడ యథాతథముగనే నిలిచియుండెను.

దానికి మొదట కంత పెట్టినది ఆదర్శము కాదు, లాభాపేక్ష. సిన్సినాటిలో కింగ్ రికార్డ్స్ సంస్థను నడపిన సిడ్ నేథన్, ఒక పాట హక్కులు తనవైనచో దానిని రెండు జాతులవారిచేతను పాడించి రెండు వైపులనుండియు ఫలము పొందవచ్చునని గ్రహించెను. హ్యాంక్ పెనీ అను తెల్లగాయకుని 'బ్లడ్‌షాట్ ఐస్' పాటను 1951లో నల్లజాతి గాయకుడు వైనోనీ హ్యారిస్ తన హుషారైన ధోరణిలో పాడుట ఆ విధముగనే సంభవించెను. అచట హెన్రీ గ్లోవర్ అను నల్లజాతి నిర్మాత తెల్లవారి పల్లెపాటలకును రికార్డింగు జరిపించుచుండెననుట ఆ కాలమునకు చిన్న విశేషము కాదు.

1961లో నల్లజాతి గాయకుడు సాలమన్ బర్క్ 'జస్ట్ అవుట్ ఆఫ్ రీచ్' అను కంట్రీ పాటతో ప్రఖ్యాతుడయ్యెను. ఐనను ఈ కథకు నాయకుడు నల్లజాతి గాయకుడైన రే చార్లెస్. 1930లో జార్జియాలో జన్మించి, ఫ్లోరిడాలోని గ్రీన్‌విల్ అను చిన్న యూరిలో పెరిగి, యేడేండ్ల ప్రాయమునకే చూపు గోల్పోయిన ఆ బాలుడు ఆప్రీ కార్యక్రమమును శ్రద్ధగా వినెడివాడు. పదునెనిమిదేండ్లు నిండకమునుపే టాంపా ప్రాంతమున ఫ్లోరిడా ప్లేబాయ్స్ అను తెల్లవారి కంట్రీ బృందములో పియానో వాయించెను. కావున 1962లో ఆయన కంట్రీ పాటలతో ఒక ఆల్బమ్ చేయుదుననగా, అది కంపెనీ పెద్దలకు వింతగా తోచినను, ఆయనకు చిన్ననాటి పరిచయమే. ఏబీసీ-పారమౌంట్ రికార్డు సంస్థతో చేసికొన్న ఒప్పందము ఆయనకు అరుదైన స్వాతంత్ర్యము నిచ్చినందున పెద్దల శంకలు పనిచేయలేదు.

నిర్మాత సిడ్ ఫెల్లర్ పాటలు సేకరించిపెట్టగా, న్యూయార్కులోను హాలీవుడ్డులోను ఫిబ్రవరి మాసమున రికార్డింగు జరిగెను. రే చార్లెస్ పల్లెగొంతును అనుకరింపలేదు. స్టీలు గిటారును, పల్లె ఫిడేలు బాణీని విడిచి, మాటలను మట్టును మాత్రము గ్రహించి, కొన్నిటికి ఇత్తడి వాద్యముల పెద్ద మేళమును, కొన్నిటికి తంత్రీవాద్యములను వంతగాయకులను జతపరచెను. డాన్ గిబ్సన్ రచించిన 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' పాటలో వంతవారు నున్నగా చరణము నెత్తుకొనగా, ఆయన గద్గదస్వరమున వారికి బదులు పలుకుచు, చర్చిలో భక్తుడు బోధకునికి ప్రతివచన మిచ్చెడి తీరును ప్రేమగీతములోనికి దెచ్చెను. తంత్రీవాద్యముల మాధుర్యము నా చెవికి కొన్నియెడల మితిమీరినట్లు తోచును గాని, ఆ గొంతు వినబడినంతనే ఆక్షేపణ మరుగుపడును.

ఆ పాట అయిదు వారములు, ఆల్బమ్ పదునాలుగు వారములు దేశమున ప్రథమస్థానమందు నిలిచెను. అదే వత్సరమున నల్లజాతి గాయని ఎస్తర్ ఫిలిప్స్ 'రిలీజ్ మీ'తోను, 1969లో నల్లజాతి గాయకుడు జో సైమన్ 'ది చోకిన్ కైండ్'తోను ఆ మార్గముననే విజయమందిరి. అంత సంచలనము కల్గించిన రే చార్లెస్ కంట్రీ పట్టికలో ప్రథమస్థాన మందుటకు మాత్రము 1985 వరకు వేచియుండవలసివచ్చెను. అప్పుడును ఆయన ప్రక్కన తెల్ల కంట్రీ గాయకుడైన విల్లీ నెల్సన్ గొంతు తోడుగా నుండెను.