స్పీడోమీటరు ముల్లుని నమ్మవచ్చా?

పోయిన వేసవిలో 65 మైళ్ళ హద్దు ఉన్న ఇంటర్‌స్టేట్ మీద నన్ను పోలీసు ఆపాడు. నా ముల్లు 70 దగ్గర ఉంది, అతని రాడార్ మాత్రం 75 చూపించింది. "స్పీడోమీటరు తప్పు చూపిస్తోందేమో" అన్నాను. "అది సరిచూసుకోవలసింది నడిపేవాళ్ళే" అని టికెట్ చేతిలో పెట్టాడు. జరిమానా సంగతి అలా ఉంచండి. మా అమ్మాయికి అప్పుడే లెర్నర్ పర్మిట్ వచ్చింది, అదే పికప్ ట్రక్కులో తనకి డ్రైవింగ్ నేర్పుతున్నాను. "ముల్లు చూసుకో అమ్మా" అని పక్కన కూర్చుని రోజూ చెబుతున్నది నేనే!

ఇంటికొచ్చి టైర్లు చూస్తే సంగతి తెలిసింది. ట్రక్కు నేను సెకండ్ హాండ్‌లో కొన్నది. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద 245/75ఆర్16 అని ఉంది. పాత యజమాని వేయించిన టైర్ల మీద 285/75ఆర్16 అని ఉంది. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. మూడోది రిమ్ము కొలత, అంగుళాలలో. లెక్క కడితే పాత టైరు ఎత్తు సుమారు 30.5 అంగుళాలు, కొత్తది 32.8. అంటే దాదాపు 8 శాతం తేడా. ముల్లు 65 చూపిస్తే బండి 70లో పోతున్నట్టు, 70 చూపిస్తే 75 దాటినట్టు అన్నమాట.

అసలు ముల్లుకి వేగం ఎలా తెలుస్తుంది? చాలా పికప్పుల్లో ఒక సెన్సరు గేర్‌బాక్సు నుంచి వెనక్కి వెళ్ళే షాఫ్టు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. దాన్ని మైళ్ళుగా మార్చడానికి కంప్యూటరుకి రెండు అంకెలు కావాలి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది అన్నది ఒకటి, దీన్నే యాక్సిల్ రేషియో అంటారు. మైలుకి టైరు ఎన్ని చుట్లు తిరుగుతుంది అన్నది రెండోది. లెక్క ప్రకారం మా పాత టైరు మైలుకి 662 చుట్లు తిరుగుతుంది, కొత్తది 614 చాలు. ఆ సంగతి కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. ఓడోమీటరు కూడా ఇదే లెక్క మీద నడుస్తుంది కాబట్టి అది 5,000 మైళ్ళు చూపించేసరికి బండి 5,390 మైళ్ళు తిరిగి ఉంటుంది. ఆయిలు మార్పులన్నీ ఆ మేరకు ఆలస్యమే.

పెద్ద టైర్లు వేసేవాళ్ళు కొందరు ఇంజనుకి భారం తగ్గాలని వెనక గేర్లు కూడా మారుస్తారు. స్టిక్కర్లు, కోడ్‌లు ఫ్యాక్టరీలో వేసిన గేర్ల సంగతే చెబుతాయి. ఇప్పుడు లోపల ఏమున్నదీ తెలియాలంటే డిఫరెన్షియల్ విప్పి చూడటమే ఖాయమైన దారి. అందులో నూనె ఎప్పుడు మార్చారో కూడా తెలియదు కనుక రెండు పనులూ కలిపి పెట్టుకున్నాను.

వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా కనిపించేదే డిఫరెన్షియల్. ఇంజను శక్తిని చక్రాలవైపు తిప్పుతుంది, మలుపులో బయటి చక్రం లోపలి దానికంటే ఎక్కువ తిరగనిస్తుంది. ఇందులో గేర్ల పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతూ గట్టిగా ఒత్తుకుంటాయి. అందుకే దీనికి ఇంజను ఆయిలు పనికిరాదు, ప్రత్యేకమైన గేర్ ఆయిలే కావాలి. మా తాతగారు ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టకుండా ఊరు దాటేవారు కాదు. మనం ట్రైలర్లు లాగుతూ ఇరుసు సంగతే మరిచిపోతాం.

పని ఇలా చేశాను. పావుగంట నడిపి నూనె వేడెక్కాక బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకి అడ్డం పెట్టాను. బండి ఎత్తవలసి వస్తే జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి, జాక్ స్టాండ్లు తప్పనిసరి. ముందుగా విప్పవలసింది నూనె పోసే పైబిరడా. నూనెంతా కార్చేశాక అది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది! తరువాత కింద పళ్ళెం పెట్టి, పై బోల్టు ఒక్కటి వదులుగా ఉంచి మిగతావి తీసి, కవరుని మెల్లగా ఊడదీయాలి. చాలా ఫోర్డ్, షెవ్రొలె పికప్పులకి ఇదే పద్ధతి. టొయోటా టకోమా వెనక ఇరుసుకి కిందనే డ్రెయిన్ బిరడా ఉంటుంది, కవరు విప్పే పని లేదు.

నూనె కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, అది గంధకం వల్ల, భయపడకండి. అయస్కాంతానికి అంటిన సన్నని బూడిదరంగు ముద్ద మామూలే. ఇనుప ముక్కలు కనిపిస్తే మెకానిక్‌కి చూపించాలి. నూనె పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరినట్టు.

లోపల పెద్ద గేరు మీద 41, 11 అని చెక్కి ఉంది. 41ని 11తో భాగిస్తే 3.73, అంటే ఫ్యాక్టరీ గేర్లే. తప్పు టైరు అంకెలోనే అని తేలిపోయింది.

కవరు అంచు గీకి శుభ్రం చేసి, సిలికాన్ పూసి, బోల్టులు ఎదురెదురుగా బిగించాను. ట్యూబు మీద చెప్పినంతసేపూ ఆరనిచ్చి, మాన్యువల్‌లో చెప్పిన మట్టానికి కొత్త నూనె పోశాను. 75డబ్ల్యూ-90 కావాలా, 75డబ్ల్యూ-140 కావాలా, లిమిటెడ్ స్లిప్ అయితే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలా అన్నది కూడా మాన్యువల్ చూసే తేల్చుకోవాలి. పాత నూనెని కాలవలో పోయకండి, రీసైక్లింగ్‌కి ఇవ్వండి.

ఇక ముల్లు సంగతి. డాష్‌బోర్డు కింది ఓబీడీ ప్లగ్గుకి చేతిలో పట్టే ప్రోగ్రామరు తగిలించి, మైలుకి చుట్ల అంకె మార్చాను. అది అన్ని మోడళ్ళకీ పనిచేయదు, కొనేముందు మీ బండికి సరిపడేదో కాదో చూసుకోండి. లేదా డీలరు దగ్గర చేయించుకోవచ్చు.

మీ బండి సంగతి తెలుసుకోవడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఇంటర్‌స్టేట్ మైలురాళ్ళ మధ్య 10 మైళ్ళు నడిపి ట్రిప్ మీటరు చూడండి. నాది ఇంతకుముందు 9.3 చూపేది, ఇప్పుడు 10. సెల్‌ఫోన్‌లో జీపీఎస్ ఉంటే అదీ వేగం చెబుతుంది, కాకపోతే దాన్ని పక్కసీటులో ఉన్నవాళ్ళే చూడాలి.

మొన్న ఆదివారం మా అమ్మాయి నడుపుతుంటే ఫోను నేను పట్టుకున్నాను. ముల్లు 65, ఫోను 65. "ముల్లు చూసుకో అమ్మా" అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.