మేనేజరు మనసును నిలిపేది జీతమేనా?



ఆదివారం మన పక్కన కూర్చొని ఆరాధించేవారిలో మిల్లు మేనేజర్లు, బ్యాంకు అధికారులు, సూపర్‌వైజర్లు ఎందరో ఉన్నారు. పైన యజమాని, కింద పనివారు, నడుమ వీరు. షిఫ్టు తగ్గించమని పైనుండి మాట వస్తే, కార్మికుని ముఖం చూసి ఆ మాట చెప్పవలసినది వీరే. అలాంటివారు సంస్థకు మనసిచ్చి పనిచేయడానికి కారణమేమిటి?

రాజాంవారికి ఇది దూరపు ప్రశ్న కాదు. గోగునార పండే ఈ ప్రాంతంలో జూట్ మిల్లులు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి. 1978లో ఇక్కడ జూట్ మిల్లుతో మొదలైన జీఎంఆర్ సంస్థ, 2008 నాటికి శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే స్థాయికి ఎదిగింది. అంత పని ఏ యజమానీ ఒంటరిగా చేయలేడు. నమ్మి అప్పగిస్తే మోసే మేనేజర్లు కావాలి.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా పరిశోధకుడు సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో తన ఫలితాలు ప్రకటించాడు. జీతం, పని పరిస్థితులు బాగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత, పనిలోని విలువ, ఇవే మనిషిని ముందుకు నడిపిస్తాయని ఆయన చెప్పాడు.

1991లో కెనడాకు చెందిన జాన్ మేయర్, నటాలీ అలెన్ మరో సంగతి వివరించారు. మనిషిని సంస్థకు కట్టే తాళ్లు మూడు: ఇష్టం, అవసరం, రుణభావం. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు గుర్తుకొచ్చి ఆగిపోయేవాడు కుర్చీలో ఉంటాడు గాని మనసు పెట్టకపోవచ్చు. ఇష్టంతో నిలిచినవాడు అడగకముందే పని అందుకుంటాడు.

యోసేపును చూడండి. పోతీఫరు ఇంటికి అతడు వచ్చింది బానిసగానే. అయినా యజమాని ఇల్లంతా అతని చేతికప్పగించాడు. శోధన వచ్చినప్పుడు అతడు దేవుని భయంతోపాటు ఆ నమ్మకాన్ని కూడా తలచుకున్నాడు.

కాబట్టి యజమానులారా, నిర్ణయం చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పండి. బాధ్యతతోపాటు అధికారమూ ఇవ్వండి. మెచ్చుకోలు నలుగురిలో, మందలింపు ఏకాంతంలో ఉండనివ్వండి. మన పాఠశాలలు, ఆసుపత్రులు నడిపే పెద్దలు మరొకటి గమనించాలి: "ఇది సేవ కదా" అంటూ న్యాయమైన జీతం తగ్గించడం నమ్మకాన్ని వేరుతో కోయడమే.

మేనేజర్లారా, మిమ్మల్ని నిలిపిన తాడు ఏది? అది అవసరమే అయితే సిగ్గుపడనక్కరలేదు. కుటుంబాన్ని పోషించడం కూడా నమ్మకమైన పనే. అయితే మీ పైవారి నుండి మీరు కోరే నమ్మకాన్ని, గౌరవాన్ని రేపు ఉదయం మీ కింద పనిచేసేవారికి మీరే ముందుగా ఇవ్వండి.