వార్తల్లో పదం: కంపానియన్ సీటు

కచేరీకో, మ్యాచ్‌కో వీల్‌చెయిర్‌లో వచ్చిన ప్రేక్షకుడి పక్కనే, తోడొచ్చినవారి కోసం ఉంచే సీటు ఇది. అమెరికాలో దివ్యాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చినా, టికెట్ల అమ్మకంపై స్పష్టమైన నిబంధనలు 2011 మార్చిలో అమల్లోకి వచ్చాయి.

వీటి ప్రకారం వీల్‌చెయిర్ స్థలానికి టికెట్ తీసుకున్నవారు, సీట్లు ఖాళీగా ఉంటే, అదే వరుసలో పక్కపక్కనే మరో మూడు కొనుక్కోవచ్చు. అవి ఉచితం కావు. అయితే ఆ విభాగంలోని మిగతా సీట్ల ధరకు మించి వీల్‌చెయిర్ స్థలానికి వసూలు చేయకూడదు. చవక టికెట్లన్నీ మెట్లెక్కి చేరాల్సిన పై అంతస్తులోనే ఉంటే? అదే ధరకు వీల్‌చెయిర్ వెళ్లగలిగే చోట కొన్ని స్థలాలు ఇవ్వాలి. వైకల్య ధ్రువపత్రం చూపమనకూడదు.

20,000 సీట్ల కొత్త ప్రాంగణంలో కనీసం 111 వీల్‌చెయిర్ స్థలాలుండాలి. ముందు వరుసలవారు లేచి నిలబడి చూసే వేదికైతే, వాళ్ల మీదుగా వేదిక కనిపించేంత ఎత్తులో ఆ స్థలాలు కట్టాలి.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నా, అందుబాటు ప్రమాణాలు సూచనలుగానే మిగిలాయి. తప్పనిసరి నిబంధనలు తేవాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం.