ఊపిరితిత్తులలో నీరు చేరుట

కోలారు బంగారు గనుల ప్రాంతమున వృద్ధుడొకడు ఆయాసపడుచున్నాడనగానే ఇంటివారు "గనిదుమ్ము" అందురు. ఆ మాటకు కారణము లేకపోలేదు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. రాతిని తొలిచినప్పుడు లేచిన సిలికా ధూళి ఊపిరితిత్తులలో దిగబడి గట్టి మచ్చలు కట్టును. ఇదియే సిలికోసిస్. మన దేశమున ఈ వ్యాధిని గూర్చిన తొలి నివేదికగా వైద్యగ్రంథములు పేర్కొనునది 1947 నాటి కోలారు గనుల నివేదికనే. గనులు 2001లో మూతపడినను, ఆ ధూళిని పీల్చినవారు ఇంకను మన యిండ్లలో ఉన్నారు.

కాని ఆయాసమంతయు ధూళివలననే కలుగదు. రక్తనాళములనుండి నీరు ఒత్తిడికి ఊరి, ఊపిరితిత్తులలో నిండుటవలన కలుగు ఆయాసము వేఱొకటి కలదు. ధూళి కట్టిన మచ్చ మానదు. ఈ నీరో, సకాలమున వైద్యము జరిగినచో తగ్గిపోవును. రెంటిని ఒకటిగా నెంచి ఊరకుండుట ప్రాణాపాయము.

ఒత్తిడి యనగా గని లోతునందలి గాలి ఒత్తిడి యని విద్యార్థులు కొందఱు తలంపవచ్చును. అది కాదు, నాళములోని రక్తము గోడలపై చూపు ఒత్తిడి. ఊపిరితిత్తులలో కోట్లకొలది గాలితిత్తులున్నవి. వానిచుట్టును వెండ్రుకకంటె సన్నని నాళములు అల్లుకొని యుండును. రక్తమునకును గాలికిని నడుమనున్న గోడ మిల్లీమీటరులో వెయ్యవ వంతుకంటెను పలుచన. వేసవిలో మంటికుండ చెమర్చునట్లు, ఈ గోడగుండ నీరు ఊరవలసినదే. రక్తపు ఒత్తిడి దానిని వెలుపలికి నెట్టును. ఊపిరితిత్తుల సన్నని నాళములలో ఆ ఒత్తిడి సుమారు 10 మిల్లీమీటర్ల పాదరసము. రక్తములోని మాంసకృత్తులు, ముఖ్యముగా ఆల్బుమిన్, సుమారు 25 మిల్లీమీటర్ల బలముతో నీటిని లోపలికి లాగును. ఊరగాయకై ఉప్పు చల్లిన మామిడిముక్కలు నీరు విడుచుట మీరెఱుగుదురు. అక్కడ ఉప్పు చేయు పనిని ఇక్కడ మాంసకృత్తులు చేయును. ఈ రెండు బలముల పోరును ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు స్టార్లింగ్ 1896లో వివరించెను. అప్పటికిని ఊరిన కొద్దిపాటి నీటిని, చెరువు అలుగువలె, లింఫునాళములు తీసికొనిపోయి మరల రక్తములో కలుపును.

గుండె కుడిభాగము రక్తమును ఊపిరితిత్తులకు పంపును; ఎడమభాగము అచ్చటినుండి వచ్చిన రక్తమును దేహమంతటికి పంపును. రెండును సమానముగా పనిచేయవలెను. ఒక చిన్న లెక్క చూడుడు. ప్రతి కొట్టుకొనుటకు ఎడమభాగము ఒక్క చుక్క తక్కువ పంపినదనుకొందము. నిమిషమునకు 70 చుక్కలు, అనగా మూడున్నర మిల్లీలీటర్లు. మూడు గంటలలో 630 మిల్లీలీటర్లు ఊపిరితిత్తులలో నిలిచిపోవును! ఆరోగ్యవంతుని గుండె ఈ తేడాను తానే సరిదిద్దుకొనును. బలహీనమైన గుండె సరిదిద్దలేదు. క్రింది తూము మూసిన చెరువువలె వెనుక ఒత్తిడి పెరుగును. అది 25ను దాటినచో లింఫునాళములు చాలవు. నీరు మొదట గోడలలో చేరి, పిదప గాలితిత్తులలోనికి దిగి, గాలితో కలిసి నురుగగును.

చిరకాలపు రక్తపోటు, గుండెపోటు ఇందుకు కారణములు. పిల్లల విషయమొకటి చెప్పక తీఱదు. గొంతునొప్పితో వచ్చిన జ్వరమును అలక్ష్యము చేసినచో, కొందఱికి కొన్ని వారములకు కీళ్లవాపు కలిగి, గుండె కవాటము చెడి, ఏండ్లు గడచిన పిదప ఇదే నీరు చేరును. తొలుతనే తగిన పెన్సిలిన్ చికిత్స దానిని అరికట్టగలదు.

గుండె బాగుండియు ఈ కీడు కలుగవచ్చును. 1962 చైనా యుద్ధకాలమున పల్లపు ప్రాంతములనుండి హిమాలయములకు వేగముగా చేర్చబడిన మన సైనికులు అనేకులకు ఇట్లయ్యెను. ప్రాణవాయువు చాలక ఊపిరితిత్తుల నాళములు ముడుచుకొని ఒత్తిడి పెరుగుటయే కారణము. ఇందర్ సింగ్ మొదలగు సైనిక వైద్యులు 1965లో లాన్సెట్ పత్రికలో దీనిని వర్ణించిరి.

ఇక మన యింటి సంగతి. ధూళివ్యాధి ఆయాసము సాధారణముగా ఏండ్లమీద, శ్రమకొలది హెచ్చును. నీటి ఆయాసము తఱచుగా రాత్రి పండుకొన్న గంట రెండు గంటలకు ఉలికిపాటుగా లేపును. రోగి కూర్చుండి కిటికీవైపు మొగము త్రిప్పును. ఒక్కొక్కప్పుడు గులాబిరంగు నురుగు పడును. రెండు వ్యాధులును ఒకే మనిషిలో ఉండవచ్చును గనుక నిర్ణయము వైద్యునిదే. ఆసుపత్రిలో ప్రాణవాయువును, మూత్రము జారీచేయు మందును ఇత్తురు. అచ్చటికి చేర్చువఱకు రోగిని బలవంతముగా పండుకొనబెట్టరాదు. కాళ్లు క్రిందికి వ్రేలాడునట్లు నిటారుగా కూర్చుండబెట్టవలెను. అప్పుడు కొంత రక్తము కాళ్లలో నిలిచి, ఊపిరితిత్తులపై భారము తగ్గును.