డాక్టరమ్మ దగ్గర దాపరికం వద్దు

పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండని దంపతుల బాధ మాటలతో చెప్పలేనిది. పట్నం వెళ్ళి, మందులు వాడి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, చివరకు నెల తప్పిందంటే ఆ ఇంట్లో పండుగే. ఆ సంతోషంలోనే ఒక సందేహం కూడా పుడుతుంది. "మనం చికిత్స చేయించుకున్న సంగతి ఇక్కడి డాక్టరమ్మకు చెప్పాలా? చెబితే ఊరంతా తెలిసిపోతుందేమో!"

దంపతులారా! చెప్పడమే మంచిది. ఎందుకు చెప్పాలో, ఎలా చెప్పాలో ఇద్దరూ కలిసి చదవండి.

ఒక ఇల్లాలు మూడో నెలలో అత్తగారిని వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వచ్చిందనుకుందాం. "ఆఖరుసారి ముట్టు ఎప్పుడు వచ్చిందమ్మా?" అని నర్సమ్మ అడిగింది. ఆమెకు మొదటినుంచీ ముట్టు సరిగా రాదు. ఏదో ఒక తేదీ చెప్పింది. "మందులేమైనా వాడుతున్నావా?" పక్కనే అత్తగారు. "లేదండీ" అంది. ఆ ఒక్క మాటతో కార్డు మీద నెలల లెక్క తప్పింది. సంచిలో ఉన్న మాత్రల సంగతి ఎవరికీ తెలియలేదు.

ఎందుకు చెప్పాలి?

1. నెలల లెక్క: మామూలుగా ఆఖరి ముట్టు మొదటి రోజునుంచి 280 రోజులు లెక్కవేసి కాన్పు తేదీ చెబుతారు. టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో అయితే పిండాన్ని గర్భసంచిలో ఉంచిన తేదీ కచ్చితంగా తెలుసు. అయిదు రోజుల పిండమైతే ఆ తేదీనుంచి 261 రోజులు, మూడు రోజుల పిండమైతే 263 రోజులు. లెక్క తప్పితే నెలలు నిండకుండానే నొప్పులు తెప్పించడమో, బాగున్న బిడ్డను ఎదగలేదనుకుని కంగారుపడటమో జరగవచ్చు.

2. కవలలు: అండం విడుదలకు మాత్రలు, ఇంజెక్షన్లు వాడినవారికీ, ఒకటికి మించి పిండాలు పెట్టించుకున్నవారికీ కవలలు కలగడం ఎక్కువ. కవలలైతే తల్లికి రక్తం తగ్గుతుంది, నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. ముందే తెలిస్తే పెద్దాసుపత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసుకోవచ్చు.

3. మందులు: గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు కొందరు వాడుతుంటారు. వీటిని సొంతంగా ఆపకూడదు. అక్కడొకరు, ఇక్కడొకరు ఒకే మందు రెండుసార్లు రాయనూ కూడదు.

4. రక్తపు పోటు: టెస్ట్‌ట్యూబ్ పద్ధతి గర్భంలో బి.పి. పెరగడం కొంత ఎక్కువగా కనిపిస్తుంది. అది ముదిరితే గుర్రపువాతం వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం. అవసరమైనవారికి డాక్టరు మూడో నెల దాటగానే చిన్న మోతాదులో ఆస్పిరిన్ మొదలుపెడతారు. ఏడో నెలలో చెబితే ఆ అదను దాటిపోతుంది. డాక్టరు చెప్పకుండా మాత్రం ఆ మాత్ర వేసుకోవద్దు.

ఇవి విని బెదిరిపోకండి. చికిత్సతో గర్భం వచ్చిన తల్లుల్లో ఎక్కువమంది క్షేమంగానే కంటున్నారు. ఈ పద్ధతిలో ప్రపంచంలో మొదటి బిడ్డ 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టింది. ఆమె పెరిగి పెద్దదై, ఏ చికిత్సా లేకుండానే 2006లో తల్లి కూడా అయింది.

దాత సంగతి కూడా చెప్పాలా?

నోరు పెగలని మాట ఇదే. భార్యాభర్తలు తమలో తామే ఈ ఊసెత్తరు. అయినా డాక్టరుకు చెప్పాలి. దాత ఎవరో చెప్పనక్కర్లేదు. దాత అండమా, దాత వీర్యమా అన్నది చెబితే చాలు.

తల్లి రక్తం నెగటివ్, భర్త రక్తమూ నెగటివ్ అనుకోండి. బిడ్డదీ నెగటివే అయి ఉంటుందని, యాంటీ-డి ఇంజెక్షను అక్కరలేదని డాక్టరు అనుకోవచ్చు. దాత రక్తం పాజిటివ్ అయితే బిడ్డదీ పాజిటివ్ కావచ్చు. ఆ ఇంజెక్షను తప్పిపోతే తర్వాతి కాన్పుల్లో బిడ్డకు ముప్పు. అలాగే దాత అండమైతే బి.పి. భయం మరికొంత ఎక్కువ. బిడ్డకు లోపాలున్నాయేమో చూసే రక్తపరీక్షలో తల్లి వయసుకు బదులు అండం ఇచ్చినామె వయసు లెక్కలోకి తీసుకోవాలి.

బిడ్డ మీది కాదంటారన్న భయం వద్దు. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల చట్టం ప్రకారం, అలా పుట్టిన బిడ్డ చికిత్స చేయించుకున్న దంపతుల సొంత బిడ్డే. ఆస్తి హక్కుతో సహా అన్ని హక్కులూ ఉంటాయి. దాతకు బిడ్డమీద ఏ హక్కూ ఉండదు.

ఎలా చెప్పాలి?

పదిమందిలో చెప్పనక్కర్లేదు. "డాక్టరుగారూ, మీతో విడిగా ఒక్క మాట చెప్పాలండీ" అంటే చాలు. అత్తగారిని బయట కూర్చోబెట్టి మాట్లాడతారు. భార్య మొహమాటపడితే భర్తే చెప్పాలి. లోపం తనదని సిగ్గుపడి భర్త వెనకాడటం మంచిది కాదు. రోగి రహస్యం కాపాడటం వైద్యవృత్తి నియమం. తల్లీబిడ్డల కార్డు ఇంట్లో అందరి చేతుల్లోనూ పడుతుంది కాబట్టి, "ఈ సంగతి కార్డు మీద రాయకుండా మీ దగ్గరే ఉంచుతారా?" అని అడగండి. ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితం. ఆ రోజయినా వెళ్ళి చెప్పవచ్చు.

చికిత్స కాగితాలు పట్టుకెళ్ళండి. అవి లేకపోతే ఈ నాలుగు సంగతులు చీటీ మీద రాసుకోండి:

— ఏ చికిత్స, ఏ తేదీన జరిగింది
— ఎన్ని పిండాలు పెట్టారు, అవి ఎన్ని రోజులవి
— ఇప్పుడు వాడుతున్న మందులు
— దాత ఉంటే దాత వయసు, రక్తపు గ్రూపు (చికిత్స చేసినచోట అడగండి)

పొత్తికడుపులో విపరీతమైన నొప్పి, రక్తస్రావం, కళ్ళు తిరగడం, ఆయాసం, తలపోటుతో చూపు మసకబారడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోను చేయండి. వచ్చినవారికి చికిత్స సంగతి అప్పుడే చెప్పండి.

కుటుంబ సంక్షేమం అంటే పిల్లలు చాలు అని ఆపడం ఒక్కటే కాదు. లేనివారికి కలగడం, కలిగిన బిడ్డ క్షేమంగా చేతికి రావడం కూడా అందులో భాగమే. చుట్టాలకు చెప్పాలా, వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం. డాక్టరుకు మాత్రం చెప్పండి!