చారిత్రకలేఖనములు – భూకంపముల పునరావృత్తి

పుంగనూరు సీమయందలి చౌడేపల్లె చుట్టును బండమీద బండ నిలిచిన గుట్టలు కన్పట్టును. వానిని చూచినవారు ఈ నేల యెన్నడును కంపింపదని తలంతురు. ఇట్టి తలంపునకు లేఖనములు ఎంతవరకు ఆధారమగునో ఇచట విచారింపదలచితిమి.

ఇన్ని యేండ్లలో ఇన్ని కంపములు గలిగినవి గావున సగటున ఇన్ని యేండ్లకొకటి యనుట సులభమే. చిక్కంతయు లేఖనముల వ్యాప్తిలోనున్నది. థామస్ ఓల్డ్‌హామ్ కూర్చిన భారతదేశ భూకంపముల పట్టిక 1883లో అచ్చుపడినది. అందు పూర్వకాలపు వార్తలు విరళములు, 19వ శతాబ్దివి దట్టములు. భూమి ఆ శతాబ్దిలోనే ఎక్కువగా కదలినదనరాదు, వ్రాయువారు ఎక్కువైరి.

మన ప్రాచీనవాఙ్మయమున భూకంపప్రస్తావన లేకపోలేదు. బృహత్సంహితలో వరాహమిహిరుడు వాయవ్య, ఆగ్నేయ, ఐంద్ర, వారుణ భేదములతో ఫలములు చెప్పెను. కాని గణనకు వలసినది ఫలము కాదు, తిథియు స్థలమును. శాసనములందు ఇవి రెండును ఉండును. అయినను దానమును చెక్కించినవాడు గోడ కూలుటను చెక్కింపవలెనను నియమము లేదు. జీర్ణోద్ధరణమను మాట కన్పడిన చోటనెల్ల కంపమును ఊహించుటయు తగదు. వానయు, చెట్టువేరును గుడులను కూల్చును.

కావున ఏ పరిమాణపు కంపములు ఏ యేటినుండి తప్పక నమోదగుచున్నవో తొలుత నిర్ణయింపవలెను. చిన్నవానికి యంత్రములు కావలెను. కలకత్తా ఆలీపూరులో భూకంపయంత్రము 1898లో నెలకొన్నది. పెద్దవానికి పత్రికలును ప్రభుత్వలేఖలును చాలును. ఇట్లు వేర్వేరు కాలావధులలో లెక్కించిన సంఖ్యలను గుటెన్‌బర్గ్-రిక్టరుల సూత్రము కలుపును: పరిమాణము ఒక అంకె పెరిగినచో కంపముల సంఖ్య సుమారు పదవవంతగును.

గోదావరి లోయలో 1969 ఏప్రిల్ 13న భద్రాచలము చెంత 5.7, 2024 డిసెంబరు 4న ములుగు చెంత 5.3 పరిమాణపు కంపములు కలిగినవి. నడుమ 55 ఏండ్లు. 2079లో మరియొకటి తప్పదనుట తొందరపాటు. రెండు తేదీలు ఒక్క అంతరమునే ఇచ్చును. సగటు 55 ఏండ్లేయని ఒప్పుకొన్నను, కంపములు ఒకదానితో నొకటి సంబంధములేక వచ్చునన్నచో, రాబోవు 55 ఏండ్లలో ఒకటియైనను కలుగు సంభావ్యత నూటికి 63 మాత్రమే.

1993 సెప్టెంబరు 30న కిల్లారిలో 6.2 పరిమాణపు కంపమునకు సుమారు పదివేలమంది బలియైరి. ఆ సీమను అప్పటి పటము అత్యల్పప్రమాదమండలమున చేర్చియుండెను. అచటి నిశ్శబ్దము లేఖనములది, భూమిది కాదు.

చౌడేపల్లె బండలు లేఖనములకన్న పాతసాక్షులు కాగలవు. అస్థిరముగా నిలిచిన బండ ఎంతకాలముగా అట్లున్నదో తేలినచో, అన్నాళ్లును దానిని దొర్లించునంతటి కుదుపు ఆ చోట కలుగలేదనవచ్చును. అంతకు చిన్నవానినిగూర్చి బండయు మౌనమే వహించును.

కైఫియత్తులు చదువు విద్యార్థులు భూకంపవార్త దొరికినచో తిథిని, ఊరిని, మూలవాక్యమును మార్పులేక ఎత్తి వ్రాసికొనవలెను. శకవర్షము లేక ప్రభవాదినామము మాత్రమే యున్నచో ఆ సంగతిని ప్రక్కన గుర్తింపవలెను. ఏలన అందు 60 ఏండ్ల పొరపాటునకు తావున్నది, మనము గణింపబూనిన అంతరమే 55 ఏండ్లు.